సగానికి కత్తిరించిన మాత్రల షీటు

పోయిన ఏడాది ఆషాఢంలో మా పిన్నిని చూడటానికి ఊరు వెళ్ళినప్పుడు, ఆమె మంచం పక్కనున్న రేకుడబ్బాలో సగానికి కత్తిరించిన మాత్రల షీటు ఒకటి కనిపించింది. కత్తెర వంకరగా పోవడంతో అంచున ఉన్న మాత్ర గూడు తెగి, లోపలి మాత్ర వానాకాలపు చెమ్మకు మెత్తబడి సగం పొడి అయింది. అవి బీపీ మాత్రలు. నెలకు ముప్పై ఇవ్వవలసి ఉండగా, సరుకు తక్కువ వచ్చిందని ఊరి ప్రభుత్వ ఆరోగ్య ఉపకేంద్రం, అంటే సబ్‌సెంటర్‌లో ఒకటిన్నర షీటు చేతిలో పెట్టారట. "పదేను ఉన్నాయి బాబూ, రోజు మార్చి రోజు ఏసుకుంటే నెల్లాళ్ళూ వచ్చేస్తాయి" అని ఆమె ఆరిందాలా చెప్పింది. సబ్ ట్రెజరీల్లో ముప్పై ఒక్క సంవత్సరాలు లెక్కలు చూసిన నాకు ఆమె లెక్కలో తప్పు దొరకలేదు. పంచదారను, కిరసనాయిలును ఎంత పొదుపుగా వాడుకుందో ఈ మాత్రలనూ అంత పొదుపుగానే వాడుకుంది.

భాద్రపదంలో ఆమెకు పక్షవాతం వచ్చింది. చీపురుపల్లికీ రాజాంకీ మధ్యనున్న మా ఊరికి 108 వాహనం అరగంటలోపే చేరింది. పట్నంలోని ఒక ప్రైవేటు ఆస్పత్రిలో ఆరోగ్యశ్రీ కార్డు చూపించగానే చేర్చుకున్నారు. స్కానింగు, ఐసీయూ, పదకొండు రోజుల మందులు అన్నీ కలిపి మా చేతి నుంచి ఒక్క రూపాయి పడలేదు. ఆ పథకాన్ని, ఆ వాహనం నడిపిన కుర్రవాడిని నేను మనస్ఫూర్తిగా మెచ్చుకుంటున్నాను. ఆమె కుడిచెయ్యి మాత్రం ఇప్పటికీ స్వాధీనంలోకి రాలేదు. అన్నం ఎడమచేత్తో తినవలసి వస్తున్నందుకు, పక్షవాతం వచ్చినందుకన్నా ఎక్కువగా సిగ్గుపడుతోంది.

మాత్రలు తప్పినందువల్లే పక్షవాతం వచ్చిందని నేను ప్రమాణం చేసి చెప్పలేను. ఆమెకు అరవై ఎనిమిదేళ్ళు. ఎండుచేపలు, ఆవకాయ లేకుండా ముద్ద దిగదు. బీపీ చాలాకాలంగా అదుపులో లేదని డాక్టరుగారు అన్నారు, అంతే. అయినా ఆస్పత్రి వరండాలో కూర్చున్న పదకొండు రోజులూ ఆ కత్తిరించిన షీటే కళ్ళ ముందు కదిలింది. మొన్న ఒక పత్రిక జిల్లా ఎడిషన్‌లో, ఆ పథకం కింద వైద్యం చేసే నెట్‌వర్క్ ఆస్పత్రులకు ప్రభుత్వం ఎంత బాకీ పడింది, సేవలు ఆపేస్తామని అవి ఎందుకు హెచ్చరిస్తున్నాయి అన్న విషయం మీద అరపేజీ వార్త చదివాను. వైద్యానికి పెట్టే ప్రజల డబ్బు గురించి మన చర్చ ఎప్పుడూ ఆ గుమ్మం దగ్గరే మొదలై అక్కడే ముగుస్తోంది. సబ్‌సెంటర్ అలమరలో మాత్రలు అయిపోతే అది వార్త కాదు.

నా అభిప్రాయాన్ని ముందే చెప్పేస్తాను. జబ్బు ముదిరాక ఒక్కసారిగా పెట్టవలసిన పెద్ద ఖర్చుకు మన ప్రభుత్వాలు గట్టి పూచీ ఇచ్చాయి. అది ముదరకుండా పదేళ్ళపాటు నెలనెలా పెట్టవలసిన చిన్న ఖర్చుకు అలాంటి పూచీ ఎవరూ ఇవ్వలేదు. రెండోది ఇవ్వనంతకాలం మొదటిదానికి ఎన్ని కోట్లు పెట్టినా, మా జిల్లాల్లాంటి చోట ఆ బాకీ పెరుగుతూనే ఉంటుంది.

మొదట ఇక్కడికే వచ్చిన పథకం

ఆరోగ్యశ్రీ 2007 ఏప్రిల్‌లో ప్రయోగాత్మకంగా మూడు జిల్లాల్లో మొదలైంది: మహబూబ్‌నగర్, అనంతపురం, శ్రీకాకుళం. వెనకబాటును చూసి చేసిన ఎంపిక అది. పెద్ద ఆపరేషన్ అంటే పొలం అమ్ముకోవడమే అనుకునే జిల్లాకు ఆ కార్డు ఎంత ధైర్యం ఇచ్చిందో అప్పట్లో నేను కళ్ళారా చూశాను. తరవాత ప్రభుత్వాలు మారాయి, పేరు మారింది, పరిమితి పెరిగి 2023 డిసెంబరులో పాతిక లక్షలకు చేరింది. ఏ ప్రభుత్వమూ దాన్ని ఎత్తివేసే సాహసం చేయలేదు. చేయకూడదు కూడా.

అయితే ఆ పథకం నిలబడటానికి జనాదరణతో పాటు మరో కారణం కూడా ఉంది. అక్కడ ప్రతి ఖర్చుకూ ఒక బిల్లు ఉంటుంది. గుండెకు స్టెంటు వేస్తే దానికొక కోడు, ముందస్తు అనుమతి, రోగి ఫొటో, డిశ్చార్జి కాగితం, అన్నిటికీ మించి ఆ డబ్బు కోసం గట్టిగా అడిగే ఆస్పత్రి యాజమాన్యం ఉంటాయి. రాకుండా ఆగిన పక్షవాతానికి బిల్లు పెట్టేదెవరు? మా ట్రెజరీలో బిల్లు లేనిది ఖర్చే కాదు. గట్టిగా అడిగేవాడి బిల్లు ముందు కదలడం, అడిగే గొంతు లేని బిల్లు మార్చి నెలాఖరుకు మురిగిపోవడం నాకు బాగా తెలిసిన విషయం, అందులో నా సంతకాలూ ఉన్నాయి. ఊరి ఆస్పత్రికి ఆ గొంతు లేదు.

ఉద్దానం చెప్పే లెక్క

ఉద్దానం గురించి పాఠకులకు కొత్తగా చెప్పనక్కరలేదు. శ్రీకాకుళం జిల్లా కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, మందస, వజ్రపుకొత్తూరు, పలాస మండలాల్లో కొబ్బరి తోటల మధ్య ఇళ్ళను కిడ్నీ జబ్బు ఏళ్ళ తరబడి ఖాళీ చేస్తూ వస్తోంది. ఒకప్పుడు డయాలసిస్‌కు అక్కడివారు దాదాపు రెండు వందల కిలోమీటర్లు ప్రయాణించి విశాఖపట్నం వెళ్ళవలసి వచ్చేది. ఈ పరిస్థితి మారింది. పలాసలో రెండు వందల పడకల ఆస్పత్రి, కిడ్నీ పరిశోధన కేంద్రం 2023 డిసెంబరు 14న ప్రారంభమయ్యాయి. హిరమండలం రిజర్వాయరు నుంచి వంశధార నీటిని ఏడు మండలాలకు తెచ్చే పథకానికి దాదాపు 700 కోట్లు పెట్టారు. డయాలసిస్ రోగికి నెలకు పదివేల రూపాయల పింఛను అందుతోంది.

ఇందులో ఏదీ అనవసరమని నేను అనను. ఆ పదివేల మీద బతుకుతున్న కుటుంబాలు నాకు తెలుసు. కానీ ఒక్క లెక్క వేసి చూడండి. ఒక డయాలసిస్ రోగికి ఏడాదికి ఇచ్చే పింఛను 1,20,000 రూపాయలు. అమ్లోడిపిన్ అనే మామూలు బీపీ మాత్ర టోకున కొనే ప్రభుత్వానికి రూపాయి కూడా పడదు. రూపాయే అనుకున్నా, ఒక్క రోగి ఏడాది పింఛనుతో మూడు వందల ఇరవై మందికి పైగా మనుషులకు ఏడాది పొడవునా, రోజు మార్చి రోజు కాకుండా రోజూ, ఆ మాత్ర ఇవ్వవచ్చు. డయాలసిస్ ఖర్చు, పెద్ద ఆస్పత్రి జీతాలు, రోగితో పాటు వెళ్ళే మనిషి పోగొట్టుకున్న కూలి నేను ఇందులో కలపలేదు.

ఈ లెక్క చెప్పగానే కవిటి ప్రాంతంలో పనిచేసి రిటైరైన ఒక వైద్య మిత్రుడు నన్ను ఆపారు. ఆయన అభ్యంతరం న్యాయమైనదే. ఉద్దానం జబ్బు ప్రత్యేకతే అది కదా, చాలామంది రోగుల్లో జబ్బు మొదలయ్యేనాటికి బీపీ గానీ షుగరు గానీ ఉండవు, కారణం ఇదీ అని ఇప్పటికీ ఎవరూ ఖాయంగా తేల్చలేదు, అలాంటప్పుడు రూపాయి మాత్ర దాన్ని ఎలా ఆపుతుంది అని ఆయన ప్రశ్న. నా దగ్గర పూర్తి జవాబు లేదని ఒప్పుకున్నాను. అయితే ఆ మాటల్లోనే ఆయన మరో సంగతి చెప్పారు. రోజంతా తోటలో వంగి పనిచేసిన మనిషి సాయంత్రం నడుము నొప్పి అంటూ ఆర్‌ఎంపీ (డిగ్రీ లేని ఊరి వైద్యుడు) దగ్గరికి వెళ్తాడు, నొప్పి సూది వేయించుకుంటాడు, నాలుగు నొప్పి బిళ్ళలు పొట్లం కట్టించుకుంటాడు. కిడ్నీ అప్పటికే సగం దెబ్బతిని ఉంటే ఆ డైక్లోఫెనాక్ సూది దాన్ని మరింత కిందికి తోస్తుంది. తన కిడ్నీ దెబ్బతిన్నదని ఆ మనిషికి తెలియదు, సూది వేసే ఆర్‌ఎంపీకీ తెలియదు. "కిడ్నీ ఎలా పనిచేస్తోందో చెప్పే క్రియాటినిన్ ఎంతుందో రాసిన చిన్న కార్డు వాడి జేబులో ఉంటే, ఆ సూది వద్దని చెప్పే నర్సు వాడి వీధిలో ఉంటే, కొందరికైనా డయాలసిస్ కొన్నేళ్ళు వెనక్కి జరిగేది" అన్నారాయన. కారణం తెలియని జబ్బులో కూడా, ముందే తెలుసుకుని వెంట ఉండే మనిషి చేయగల పని ఎంతో ఉంటుందన్నమాట. ఆ మనిషిని ఊళ్ళో ఉంచే ఖర్చు గురించే నా వాదన. ఆయన అభ్యంతరం నా లెక్కను చెడగొట్టింది, వాదనకు బలమిచ్చింది.

నాలుగు సెల్లులు

పిన్నిని ఇంటికి తెచ్చాక బీపీ చూపించడానికి మా ఊరి సబ్‌సెంటర్‌కు వెళ్ళాను. బోర్డు మీద పేరు మూడుసార్లు మారింది. జనం నోట అది ఇప్పటికీ సబ్‌సెంటరే. పక్కనే కొత్త భవనం స్లాబు దాకా లేచి, పైన ఊచలు తుప్పు పట్టి నిలబడి ఉంది. పని జరిగేది మాత్రం దాని ఎదురుగా ఉన్న అద్దె గదిలో.

అక్కడి ఏఎన్ఎం, అంటే ఊరి నర్సు, నలభై దాటిన మనిషి. బీపీ మెషీన్ చేతికి చుట్టే పట్టీ అతుక్కోవడం మానేస్తే దానికి చీర అంచు పీలిక ఒకటి కట్టుకుంది. మెషీన్ నొక్కితే వెలగలేదు. ఆమె ఏమీ మాట్లాడకుండా తన హ్యాండ్‌బ్యాగులో నుంచి నాలుగు సెల్లులు తీసి, పాతవి తీసేసి, కొత్తవి వేసింది. నేను రిటైరైన ట్రెజరీవాడిని కనుక నోరు ఊరుకోక, వాటికి బిల్లు పెట్టారా అని అడిగాను. ఆమె నవ్వింది. "నాలుగు సెల్లులకి బిల్లు పెట్టి, ఓచరు రాసి, పీహెచ్‌సీకి రెండుసార్లు తిరిగితే ఆటో చార్జీలే సెల్లుల ధర దాటిపోతాయి సార్. పెన్నూ పుస్తకం కొనుక్కున్నట్టే ఇవీ కొనుక్కుంటాం" అంది.

నిజానికి ఇలాంటి చిల్లర ఖర్చుకని డబ్బు ఇవ్వకపోలేదు. 2005లో జాతీయ గ్రామీణ ఆరోగ్య మిషన్ వచ్చినప్పుడు దానిలో నాకు బాగా నచ్చిన అంశం అదే. సబ్‌సెంటర్‌కు ఏడాదికి పదివేలు, పీహెచ్‌సీకి పాతిక వేలు, ఊరి ఆరోగ్య, పారిశుద్ధ్య కమిటీకి మరో పదివేలు, దేనికి వాడాలో పై నుంచి శాసించకుండా ఇచ్చారు. తరవాత కొన్నిటి మొత్తాలు పెరిగాయి కూడా. కానీ ఆ డబ్బు వచ్చే దారి మారింది. 2021 జులై నుంచి ఒక్కో కేంద్ర పథకం సొమ్మంతా రాష్ట్రంలో ఒకే నోడల్ ఖాతాలో ఉంచే పద్ధతి వచ్చింది. కింది కార్యాలయాల ఖాతాల్లో నిల్వ సున్నా. ఖర్చు చేసినప్పుడు పై ఖాతా నుంచి పరిమితి మేరకు తీసుకోవాలి.

దీన్ని తిట్టిపోయడం తేలిక, నేను మాత్రం తిట్టలేను. లక్షల ఖాతాల్లో ఏళ్ళ తరబడి డబ్బు నిద్రపోవడం, మార్చి ముప్పై ఒకటిన అయినకాడికి సామాను కొని బీరువాలు నింపడం, ఖాతాలో ఎంత ఉందో దాని యజమానికే తెలియకపోవడం నేను చూశాను. ఆ అరాచకానికి మందుగా ఈ పద్ధతి తెచ్చారు, పెద్ద మొత్తాల విషయంలో అది మంచి మందే. రెండు వందల రూపాయల అవసరానికీ రెండు కోట్ల అవసరానికీ ఒకే మోతాదు ఇవ్వడంలో వచ్చింది చిక్కు. ఏఎన్ఎం హ్యాండ్‌బ్యాగులోని సెల్లులు ఏ లెక్కలోనూ కనిపించవు కనుక ఆ ఖర్చు లేనట్టే, పథకం సజావుగా నడుస్తున్నట్టే.

ప్రాథమిక వైద్యానికి డబ్బే లేదన్న మాట కూడా సరికాదు. జాతీయ ఆరోగ్య లెక్కల ప్రకారం 2019-20లో ప్రభుత్వ వైద్య వ్యయంలో ప్రాథమిక వైద్యం వాటా 55.9 శాతం. మూడింట రెండు వంతులు ఉండాలన్న 2017 జాతీయ ఆరోగ్య విధానం గీతకు అది మరీ దూరంలో లేదు. నా చేతి మీదుగా పోయిన బిల్లులను బట్టి చెబుతున్నాను, అందులో సింహభాగం జీతాలే. జీతం ఇవ్వవలసిందే. కానీ జీతం తీసుకునే మనిషి చేతిలో సెల్లులూ మాత్రలూ లేకపోతే ఆ జీతం కూడా సగం వృథాయే అవుతుంది. మొత్తం మీద ప్రభుత్వాలు వైద్యానికి పెట్టే ఖర్చు స్థూల దేశీయోత్పత్తిలో 2021-22లో 1.84 శాతం, 2025 నాటికి 2.5 శాతానికి చేరుస్తామని అదే విధానపత్రం చెప్పింది. పదిహేనో ఆర్థిక సంఘం స్థానిక సంస్థల ద్వారా వైద్యానికి అయిదేళ్ళకు 70,051 కోట్లు సిఫారసు చేసినప్పుడు నేను సంబరపడ్డాను. తీరా చూస్తే అందులో చెప్పుకోదగ్గ భాగం భవనాలకు, పరీక్షల సామగ్రికి. మా ఊళ్ళో ఊచలు తేలిన ఆ భవనం ఏ పద్దు కిందిదో నాకు తెలియదు గానీ, దాన్ని చూసినప్పుడల్లా రిబ్బను కత్తిరించడానికి వీలున్న ఖర్చు మీద మనకున్న మోజు గుర్తొస్తుంది.

ఎవరూ వెళ్ళని ఆస్పత్రికి డబ్బెందుకు?

ఈ ప్రశ్న నన్ను అడిగింది మా తమ్ముడు, అంటే పిన్ని కొడుకు. వాడు హైదరాబాదులో భవన నిర్మాణంలో మేస్త్రీ. "అన్నయ్యా, సబ్‌సెంటర్‌కి ఎవడెళ్తాడు? జొరమొస్తే ఆర్‌ఎంపీ రాత్రి పదకొండుకైనా ఇంటికొస్తాడు, అప్పు పెడతాడు. నర్సమ్మ నాలుగింటికి బస్సెక్కేస్తాది" అన్నాడు. వాడి మాట నిజం. మరొక నిజం కూడా చెప్పాలి: నా మోకాళ్ళకు నేను విశాఖపట్నంలో ప్రైవేటు డాక్టరు దగ్గరికే వెళ్తాను. ప్రభుత్వ వైద్యం గురించి వ్యాసాలు రాసే నాలాంటి వాళ్ళలో చాలామంది అంతే.

డబ్బు పోసినంత మాత్రాన మనుషులు పనికి వస్తారన్న నమ్మకం నాకూ లేదు. రాజస్థాన్‌లోని ఉదయ్‌పూర్ జిల్లాలో నర్సుల హాజరు పెంచడానికి చేసిన ప్రయోగాన్ని ఆర్థికవేత్తలు అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డఫ్లో బృందం పరిశీలించింది. హాజరు యంత్రం పెట్టి, రానివారి జీతం కోస్తామంటే మొదటి నెలల్లో హాజరు బాగా పెరిగింది. తరవాత అధికారులే "మినహాయింపు రోజులు" ఉదారంగా మంజూరు చేయడంతో ఏడాదిన్నర తిరక్కుండానే కథ మళ్ళీ మొదటికొచ్చింది. యంత్రం తప్పేమీ లేదు. ఆ నర్సు రాకపోతే అడగవలసిన అవసరం ఊళ్ళో ఎవరికీ లేకపోవడం, వచ్చినా ఆమె దగ్గర ఇవ్వడానికి పెద్దగా ఏమీ లేకపోవడం అసలు సంగతి అని నాకనిపిస్తుంది. మాత్రలు ఖాయంగా దొరికే చోటికి జనం వస్తారు. జనం వచ్చే చోట నర్సు లేకపోతే గొడవ అవుతుంది. రేషన్ డిపో తెరవకపోతే మా ఊరు ఊరుకుంటుందా?

పోనీ ఆర్‌ఎంపీలకే శిక్షణ ఇచ్చి ఆ డబ్బేదో వాళ్ళకే ఇస్తే అన్న వాదనా ఉంది. పశ్చిమ బెంగాల్ బీర్‌భూమ్ జిల్లాలో తొమ్మిది నెలల శిక్షణ ఇచ్చి చూశారు. జబ్బును సరిగా చూడటం మెరుగుపడిందని, అనవసరమైన యాంటీబయాటిక్స్ ఇవ్వడం మాత్రం తగ్గలేదని 2016లో వెలువడిన ఫలితాలు చెప్పాయి. రెండో సగంలోనే నా సందేహం ఉంది. ఆర్‌ఎంపీకి ఆదాయం సూది మీద, బిళ్ళ మీద వస్తుంది. ఉద్దానం కూలీకి నొప్పి సూది వద్దని చెప్పడం వల్ల అతనికి ఆ పూట బేరం పోతుంది. "వద్దు" అని చెప్పగలిగే వైద్యానికి జీతం ఇవ్వగలిగేది ప్రభుత్వం ఒక్కటే. మా తమ్ముడికి ఇదే చెప్పాను. వాడు ఒప్పుకోలేదు, సాయంత్రం అయిదు దాటాక తెరిచి ఉంటే అప్పుడు చూద్దాం అన్నాడు. అది చిన్న మాట కాదు. కూలిపనికి పోయేవాళ్ళ ఊరిలో ఆస్పత్రి సమయం కలెక్టరాఫీసు సమయం కావడం నిజంగా విడ్డూరం.

అమెరికాలో 1960లలో, పేద నల్లజాతి రైతులు ఉండే మిసిసిపీ రాష్ట్రంలోని మౌండ్ బేయూలో ప్రభుత్వ డబ్బుతో ఒక సముదాయ ఆరోగ్య కేంద్రం పెట్టారు. దాన్ని నడిపిన జాక్ గైగర్ అనే వైద్యుడు, పోషకాహార లోపంతో వచ్చిన పిల్లలకు మందు చీటీ మీద పాలు, కూరగాయలు, మాంసం రాసి, కిరాణా కొట్టు నుంచి ఇప్పించి, బిల్లు ఆస్పత్రి మందుల పద్దులో వేయించాడు. పై అధికారులు ఇదేమిటని నిలదీస్తే, నేను చదివిన వైద్య పుస్తకాల్లో పోషకాహార లోపానికి మందు ఆహారమేనని బదులిచ్చాడు. ఆడిట్ అభ్యంతరాలు రాసి రాసి చేతులు నొప్పెట్టిన నాలాంటివాడికి ఆ జవాబు ఎంత ముచ్చట గొలిపిందో చెప్పలేను. మన దగ్గర అలాంటి చీటీ రాయవలసి వస్తే ఎక్కువ ఊళ్ళలో మంచినీళ్ళే రాయాలి. 2024 అక్టోబరులో విజయనగరం జిల్లా గుర్లలో అతిసారం ప్రబలి ప్రాణాలు పోయినప్పుడు అందరి వేళ్ళూ కలుషితమైన తాగునీటి వైపే చూపాయి. మొదటి రెండు మూడు విరేచనాల కేసులు వచ్చేది ఊరి నర్సు దగ్గరికి. ట్యాంకు కడిగించే డబ్బు, క్లోరిన్ కొనే డబ్బు, అధికారం ఉండేది మరొకరి దగ్గర.

ఆ అమెరికా కేంద్రాల గురించి ఇంకొక్క ముక్క. ఫెడరల్ నిధులు తీసుకునే కేంద్రం పాలకవర్గంలో కనీసం 51 శాతం అక్కడ వైద్యం చేయించుకునేవారే ఉండాలన్నది అక్కడి నియమం. మన పీహెచ్‌సీలకూ ఆస్పత్రి అభివృద్ధి సంఘాలున్నాయి. ఎవరికి వారు సభ్యుల జాబితా ఒకసారి చూసి, అందులో ఎందరు ఆ ఆస్పత్రి మాత్రలు మింగుతున్నారో లెక్క వేసుకోవచ్చు.

కొండ మీద తల లెక్క

మైదానంలో 5,000 మందికి, గిరిజన ప్రాంతంలో 3,000 మందికి ఒక సబ్‌సెంటర్. పీహెచ్‌సీకైతే 30,000, 20,000. ఈ తలల లెక్క చాలా పాతది. శృంగవరపుకోట మండలం దారపర్తి పంచాయతీ కొండ ఊళ్ళ నుంచి గర్భిణులను డోలీ కట్టి దింపిన వార్తలు మనం ఎన్నోసార్లు చదివాం. 2022 ఏప్రిల్‌లో జిల్లాల విభజన జరిగాక ఏజెన్సీ మండలాలు పార్వతీపురం మన్యం జిల్లాకు వెళ్ళిపోయాయి. షెడ్యూల్డ్ ప్రాంతంలో లేని ఈ కొండలు విజయనగరం జిల్లాలోనే ఉండిపోయాయి. ఇక్కడి మనిషి గిరిజనుడే, ఎక్కేది కొండే, నిధుల కాగితం మీద మాత్రం అది ఏజెన్సీ కాదు. ముప్పై ఇళ్ళున్న ఊరికి తల లెక్కన డబ్బు ఇస్తే నర్సు ఏడాదికోసారి ఎక్కి దిగే ఖర్చు కూడా రాదు. ఇలాంటి చోట్లకు నడక గంటలను బట్టి డబ్బు ఇవ్వాలి. ఇందులో అంత కష్టమైన లెక్కేమీ లేదు, ఎన్నికల సంఘం ఇదే కొండలకు పోలింగు సిబ్బందిని పంపేటప్పుడు ఆ లెక్క వేస్తూనే ఉంది.

పర్మనెంట్ అడ్వాన్సు

నేను కోరేవి పెద్దవేమీ కావు. మా ట్రెజరీ భాషలో పర్మనెంట్ అడ్వాన్సు అని ఒకటుంది. చిల్లర ఖర్చుల కోసం కార్యాలయాధికారి చేతిలో కొంత సొమ్ము ఉంచుతారు. ఖర్చు చేసిన మేరకు ఓచర్లు పెడితే మళ్ళీ అంత సొమ్ము భర్తీ చేస్తారు. బ్రిటిష్ వాళ్ళ కాలం నుంచి ఉన్న పద్ధతి ఇది, తాసిల్దారుకు ఉంటుంది, జైలు సూపరింటెండెంటుకు ఉంటుంది. ఏఎన్ఎంకు ఎందుకు ఉండకూడదు? 2023లో ఫ్యామిలీ డాక్టర్ పథకం మొదలుపెట్టినప్పుడు రాష్ట్రంలో 10,032 విలేజ్ క్లినిక్‌లు (సబ్‌సెంటర్లకు పెట్టిన పేరే ఇది) ఉంటాయని ప్రభుత్వం చెప్పింది. ఒక్కొక్కదాని దగ్గర రెండు వేలు ఉంచి, ప్రతి నెలా మొత్తం ఖర్చయిపోయి మళ్ళీ భర్తీ చేసినా, రాష్ట్రం మొత్తానికి ఏడాదికి పాతిక కోట్లు దాటదు. కొంత దుర్వినియోగం అవుతుంది. కాదని చెబితే నా ఉద్యోగానుభవం నన్ను చూసి నవ్వుతుంది. రెండు వేలలో జరిగే దుర్వినియోగానికి ఒక హద్దు ఉంటుంది కదా.

మాత్రల సంగతికి తమిళనాడు వైపు చూడాలి. అక్కడ 1994లో ఏర్పడిన మందుల కార్పొరేషన్ ప్రతి ఆస్పత్రికీ ఒక పాస్‌బుక్ ఇస్తుంది. ఏడాదికి ఆ ఆస్పత్రికి కేటాయించిన మొత్తం అందులో రాసి ఉంటుంది, గిడ్డంగికి వెళ్ళి ఏ మందు ఎంత కావాలో ఆస్పత్రివాళ్ళే తెచ్చుకుంటారు. 2021 నుంచి బీపీ, షుగరు మాత్రలు ఇంటి గుమ్మానికే చేరుస్తున్నారు. మన దగ్గర 104 వాహనం నెలకు రెండుసార్లు డాక్టరును తీసుకుని ఊరికి రావడమనే ఏర్పాటు ఉంది, అది నిజంగా మంచి ఏర్పాటు. దానికి మూడు నెలల నిల్వ, ఊళ్ళో మాత్రలు వాడేవారి పేర్లను బట్టి సరఫరా తోడైతే చాలు. ఇప్పుడైతే గత మూడు నెలల వాడకాన్ని చూసి ఇండెంటు (మందులు కావాలని పైకి పంపే చీటీ) తగ్గించే పద్ధతిలో, ఒక నెల సరుకు రాక వాడకం పడిపోతే మరుసటి నెల కోటా కూడా పడిపోతుంది. ఇది నాతో చెప్పింది ఒక ఫార్మసిస్టు. నేను మొదట నమ్మలేదు, ఆయన రిజిస్టరు తిప్పి చూపించాడు.

పోయిన నెల మా పీహెచ్‌సీ అభివృద్ధి సంఘం సమావేశానికి, పిలవకపోయినా, పిన్నిని ఆటోలో కూర్చోబెట్టుకుని వెళ్ళాను. రెండు అంశాలు రాసి ఇచ్చాను: సబ్‌సెంటర్లకు బీపీ మెషీన్ పట్టీలు, సెల్లులు; బీపీ, షుగరు మాత్రలకు అదనపు నిల్వ. మొదటిదానికి అభ్యంతరం లేదన్నారు, మినిట్స్ పుస్తకంలో రాసుకున్నారు. రెండోదానికి నిబంధన ఒప్పుకోదని గుమాస్తా అన్నాడు. ఆ నిబంధన ఏ ఉత్తర్వులో ఉందో చూపించమన్నాను, వెతికి పెడతానన్నాడు. మేము లేచి వస్తుంటే పిన్ని ఎడమచేత్తో చీర కొంగు ముడి విప్పడానికి తంటాలు పడి, చివరికి నోటితో విప్పి, ఆ నెల ఇచ్చిన మాత్రలు నా చేతిలో పెట్టింది. లెక్కపెట్టాను. ఇరవై రెండు ఉన్నాయి.